కళాకారునికి శాలువా కాదు, కుర్చీ కావాలె
(చుండూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తెలంగాణోళ్లకు చుండూరులో ఏం పని అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నరు, ఇప్పుడూ ఉన్నరు. మేము ప్రత్యేక రాష్ట్రం కోసం పాటలు కట్టినోళ్లం, పాఠాలు చెప్పినోళ్లం, జీతాలు వదులుకొని రోడ్డెక్కినోళ్లం. మా కొట్లాట ఆంధ్రా పాలకవర్గాల పెత్తనం మీద. ఆ పెత్తనం కింద మాకన్న ముందే నలిగిన ఈ వాడల జనం మీద కాదు. ఎవరి భూమి, ఎవరి నీళ్లు, ఎవరి చదువు, ఎవరి పాట అని మేము అక్కడ అడిగిన ప్రశ్నలన్నీ మీరు ఇక్కడ నెత్తురు ధారపోసి అడిగినవే. 2014 జూన్ 2న మా రాష్ట్రం మాకు వచ్చింది. నడుమ గీత పడ్డది. కానీ పాట పాడెటోని స్థానం ఎక్కడ అనే ప్రశ్న గీతకు అటూ ఉన్నది, ఇటూ ఉన్నది. ఇయ్యాల ఆ ఒక్క ముచ్చటే మాట్లాడుతం. విశ్వవిద్యాలయంలో కళాకారునికి కుర్చీ కావాలె. ఏడాదికొకసారి దండ వేసి పంపే వేదిక మీది కుర్చీ కాదు, మూలనిధి మీద నిలబడే కుర్చీ కావాలె.

కుర్చీ అనే మాటను చుండూరులో ఊరికే అనలేం. 1991 జూలైలో ఈ ఊరి సినిమాహాల్లో చదువుకున్న ఒక దళిత యువకుని కాలు, ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల యువకునికి తగిలింది. జరిగింది అంతే. దానికి తన్నులు, దానికి సాంఘిక బహిష్కారం, ఆఖరికి ఆగస్టు 6న ఊచకోత. ఎనిమిది మంది దళితులను పట్టపగలు వెంటాడి చంపినరు, శవాలను కాలువ పాలు చేసినరు. దళితుడు ఎక్కడ కూర్చోవాలె, ఎవరి వెనుక కూర్చోవాలె, కాళ్లు ఎంత ముడుచుకోవాలె అనే లెక్క ఈ సమాజంలో ఎంత క్రూరమైనదో చుండూరు దేశానికి చూపించింది.

మీరు భయపడి ఊరు విడిచిపోలేదు. మీ మృతులను ఊరి నడుమ పూడ్చుకొని ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నరు. విచారణ మా ఊళ్లోనే జరగాలని కొట్లాడి ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నరు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ నిర్దోషులన్నది. కేసు సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

కోర్టు కాగితం మారింది, పాట మారలేదు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత తెలుగు కవిత్వం మునుపటి తీరుగ ఉండలేదు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆ మార్పుకు గుర్తు. ఇయ్యాల దళిత సాహిత్యం ఎంఏ తెలుగులో పాఠమైంది. దాని మీద ఎంఫిల్‌లు, పీహెచ్‌డీలు వచ్చినయి. మంచిదే. కానీ ఒక్కసారి చూడండి. పాట గేటు లోపలికి పోయింది. పాడినోడు గేటు బయటనే నిలబడ్డడు.

ఇది కొత్త సంగతి కాదు. మీ పాత గుంటూరు జిల్లా చరిత్రే చెప్తది. పల్నాటి వీరుల కథను తరతరాలుగా మోసినవాళ్లు ఎవరు? వీరవిద్యావంతులు. మాల కులం గాయకులు. అలిశెట్టి గాలెయ్య అనే అట్లాంటి గాయకుడు పాడితే, జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు విని, రాసుకొని, ఇంగ్లీషులోకి తెచ్చిండు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల క్లారెండన్ ప్రెస్ ఆ పుస్తకాన్ని అచ్చు వేసింది. పరిశోధకుడు నిజాయితీగ గాయకుని పేరు చెప్పిండు. ఆయన మీద మాకు కోపం లేదు. మా ప్రశ్న మన విశ్వవిద్యాలయాలకు. ఆక్స్‌ఫర్డ్ దాకా పోయిన కథను కంఠంలో పెట్టుకున్న మనుషులను పిలిచి, ఏడాది పాటు మా దగ్గర ఉండండి, మా పిల్లలకు నేర్పండి అని ఎందుకు అడగరు?

పొన్నెకల్లు షేక్ నాజర్‌ను యాది చేసుకోండి. దూదేకుల ఇంట్లో పుట్టి బుర్రకథను ఊరూరికీ, ప్రజా ఉద్యమాలకూ మోసినాయన. 1986లో పద్మశ్రీ ఇచ్చినరు. 1997లో పోయిండు. ఆయన జీవితకథ 'పింజారి' పుస్తకంగ మిగిలింది. కథకుని అడుగు, ఆ గుమ్మెట మీద పడే చేయి, జనం మొఖం చూసి కథను మలుపు తిప్పే తెలివి పుస్తకంలో దొరకవు. అవి మనిషి పక్కన కూర్చొని నేర్చుకునేవి. కథకుడు పోతే ఆ గ్రంథాలయం కాలిపోయినట్టే.

మా దిక్కు సంగతీ ఇంతే. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టుబడి పనికి కూలీగ పోయిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. బడి మొఖం చూడని అందెశ్రీకి కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే. అయితే గౌరవ డాక్టరేట్ ఒక్కపూట పండుగ. తెల్లారి ఆ కవి క్లాసుకు పోయి పాఠం చెప్పే హక్కు దాంట్ల ఉండదు. శాలువా చలికి పనికొస్తది. ఇంటి కిరాయికి పనికిరాదు. అవార్డు గతానికి ఇచ్చేది. కుర్చీ రేపటికి ఇచ్చేది.

మరి మేము అడిగే కుర్చీ ఎట్ల ఉంటది? లోకంలో ఎక్కడన్న ఉన్నదా? ఉన్నది. అదీ వ్యవసాయ కాలేజీలో మొదలైంది. రైతులున్న ఈ ఊళ్లో ఆ కథ చెప్పాలె. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1936లో జాన్ స్టూవర్ట్ కర్రీ అనే చిత్రకారుణ్ణి పిలిచింది. ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో అట్ల నివాస కళాకారునిగ నియమించిన మొదటి మనిషి ఆయనే అంటరు. ఆయన్ను పెట్టింది లలిత కళల శాఖలో కాదు, వ్యవసాయ కళాశాలలో. జీతం వచ్చింది బ్రిటింగ్‌హామ్ కుటుంబం విశ్వవిద్యాలయానికి వదిలిపోయిన ట్రస్టు నిధి నుంచి. ఇన్ని క్లాసులు చెప్పాలె, ఇన్ని పరీక్షలు దిద్దాలె అనే కట్టుబాటు లేదు. క్యాంపస్‌లో ఒక పని గది ఇచ్చినరు. ఆయన బొమ్మలు వేసుకున్నడు, విద్యార్థులు వచ్చి చూసినరు, అడిగినరు. ఆయన పల్లెలు తిరిగి, పొలం పని చేసుకుంట బొమ్మలు వేసే ఆడవాళ్లను, మగవాళ్లను కలిసిండు. 1940 నుంచి ఆ గ్రామీణ చిత్రకారుల ప్రదర్శనలు విశ్వవిద్యాలయం జరిపింది. 1946లో చనిపోయేదాకా కర్రీ ఆ కుర్చీలోనే ఉన్నడు.

అదే మనిషికి ప్రభుత్వం తోని ఏమైందో వినండి. ఆయన సొంత రాష్ట్రం కాన్సాస్. అక్కడి శాసనసభ భవనం గోడల మీద బొమ్మలు వేయమని పిలిచినరు. బానిసత్వం మీద తిరగబడి 1859లో ఉరికంబం ఎక్కిన జాన్ బ్రౌన్‌ను ఆయన గోడంత ఎత్తున, చేతులు చాపి గర్జించే మనిషిగ గీసిండు. పెద్దమనుషులకు నచ్చలేదు. మా రాష్ట్రం పరువు తీస్తున్నవు అన్నరు. ఆఖరికి పందుల తోకలు సరిగ్గ లేవని కూడ వంక పెట్టినరు. బొమ్మలకు అడ్డమొచ్చే పాలరాయి పలకలు తీయడానికి 1941లో శాసనసభ ఒప్పుకోలేదు. పని అర్ధంలో ఆగింది. కర్రీ ఆ బొమ్మల మీద సంతకం పెట్టకుండనే వెళ్లిపోయిండు. ఒకే కళాకారుడు. సర్కారు గోడ కాడ అవమానం, మూలనిధి ఉన్న విశ్వవిద్యాలయంలో గౌరవం. మేము చెప్పదల్చుకున్నది మొత్తం ఈ తేడాలో ఉన్నది.

ఎందుకంటే మా అనుభవం కూడ అదే. తెలంగాణ ఉద్యమాన్ని నడిపింది పాట. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద తూటాలు పేల్చినరు. 1999లో భువనగిరి బిడ్డ బెల్లి లలితను చంపి ముక్కలు చేసినరు. అయినా పాట ఆగలేదు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరికీ పోయింది. రాష్ట్రం వచ్చినంక ప్రభుత్వం సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చింది. వాళ్ల ఇండ్లల్ల పొయ్యి వెలిగింది. దాన్ని మేము తక్కువ చేయం. కానీ ఆ ఉద్యోగం పని ఏంది? ప్రభుత్వ పథకాలను ప్రచారం చేయడం. ప్రశ్న అడిగిన గొంతుకు జవాబు చెప్పే డ్యూటీ పడ్డది. ఇది కళాకారుల తప్పు కాదు. జీతం ఎక్కడి నుంచి వస్తదో, పాట అటు మొగ్గుతది. 2023లో గద్దర్ పోయిండు. ఆయన పోయిన తేదీ కూడ ఆగస్టు 6నే. ఇప్పుడు ఆయన పేరు మీద ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తున్నది. ఆయన పేరు మీద ఒక విశ్వవిద్యాలయంలో ఒక డప్పు కళాకారుడు, ఏ మంత్రికీ భయపడకుండ ఏడాది కూర్చొని పాట కట్టే కుర్చీ ఉండాలె అని మేము అడుగుతున్నం.

చట్టం ఒప్పుకోదు, డిగ్రీ లేనోన్ని ఎట్ల పెడతం అని వీసీలు అంటరు. ఆ సాకు ఇప్పుడు చెల్లదు. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు తెచ్చింది. తమ రంగంలో పేరున్నవాళ్లను డిగ్రీలతో పని లేకుండ, మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకుండ తీసుకోవచ్చు అన్నది. 2023లో కళాకారులను, చేతివృత్తుల వాళ్లను విద్యాసంస్థల్లో నివాస గురువులుగ పెట్టుకోవచ్చని వేరే మార్గదర్శకాలు తెచ్చింది. గురు, పరమ గురు, పరమేష్ఠి గురు అని మూడు మెట్లు పెట్టింది. పేర్లు వింటే యాగశాలలోకి పోయినట్టున్నది. మెట్లు లేని కులం ఒకటి కావాలని అడిగేవాళ్లకు ఇక్కడ కూడ మెట్లేనా అనిపిస్తది. అయినా తలుపు తెరిచింది నిజం. కానీ మార్గదర్శకం వేరు, మూలనిధి వేరు. ఈ ఏడు బడ్జెట్‌లో ఉన్నది వచ్చే ఏడు ఉండదు. ఈ వీసీ పిలిచిన కళాకారుణ్ణి వచ్చే వీసీ గేటు కాడ ఆపుతడు. మూలనిధి ఉంటే అసలు కదలదు, వడ్డీయే ఖర్చవుతది, కుర్చీ ఎవరి దయ మీదా ఉండదు.

లెక్క చెప్తం, ఉద్యోగ మిత్రులు సరిచూడండి. రెండు కోట్ల మూలనిధి అనుకుందాం. ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 14 లక్షలు. కళాకారునికి నెలకు 80 వేల చొప్పున పది నెలలకు 8 లక్షలు. ఆ కళాకారుడు తన వెంట తెచ్చుకునే ఇద్దరు శిష్యులకు నెలకు 15 వేల చొప్పున 3 లక్షలు. వాయిద్యాలకు, ప్రయాణాలకు, రికార్డింగుకు లక్షన్నర. మిగిలిన లక్షన్నర మళ్లీ అసలులోనే కలపాలె, ధరలు పెరిగినా కుర్చీ కుంగకుండ. రెండు కోట్లు ఎక్కడివి? పది వేల మంది ఉద్యోగులు తలా రెండు వేలు వేస్తే రెండు కోట్లు. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండ నిలబడ్డ ఉద్యోగులకు ఇది బరువా? ఇక్కడి ఉద్యోగులకు, రిజర్వేషన్ మీద చదువుకొని పైకొచ్చిన దళిత ఉద్యోగులకు ఇది బరువా? అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలను కూడ అడుగుదాం. అయితే ఒక్క పెద్ద దాత చేతి నుంచి మొత్తం తీసుకోవద్దు. కాంట్రాక్టరు డబ్బు మీద నిలబడ్డ కుర్చీలో కాంట్రాక్టరు మీద పాట పుట్టదు. వెయ్యి చేతుల డబ్బు అయితే ఏ ఒక్క చేయీ గొంతు నొక్కలేదు.

కుర్చీ వస్తే చాలదు, షరతులు రాయించుకోవాలె. మేము అడిగేవి ఇవి. ఒకటి, ఎంపిక కమిటీలో సగం మంది కళాకారులే ఉండాలె, దాతలకు ఓటు ఉండొద్దు. రెండు, దళిత, ఆదివాసీ, సంచార, వెనుకబడిన కులాల కళారూపాలకు వంతులవారీగ కుర్చీ దక్కాలె. రెండేండ్లకొకసారి తప్పనిసరిగ మహిళ కూర్చోవాలె. మూడు, ఆ పది నెలల్లో కట్టిన పాట, ఆడిన ఆట ఏదైనా, దాని కోసం కళాకారుణ్ణి తీసేసే అధికారం ఎవరికీ ఉండొద్దు. నాలుగు, రికార్డు చేసిన దాని మీద హక్కు కళాకారునిదే. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుని హక్కు ఉన్నది, దాన్ని ఒప్పందంలో రాయాలె. పీహెచ్‌డీ రాసెటోడు గురువు పేరును కృతజ్ఞతల పేజీలో కాదు, లోపలి పేజీల్లో పెట్టాలె. అయిదు, పది నెలలు అయిపోయినంక కళాకారుడు ఆ ఏడు చేసిన పనిని విద్యార్థుల తోని కలిసి తన ఊళ్లో, తన వాడలో ప్రదర్శించాలె. ఖర్చు విశ్వవిద్యాలయానిది.

కొందరు మిత్రులు ఒక అనుమానం లేపుతరు. జనం నడుమ పెరిగిన కళను క్యాంపస్‌లోకి తెస్తే కుండీలో పెట్టిన చింతచెట్టు కాదా అంటరు. ఆ అనుమానంలో బలం ఉన్నది. అందుకే మేము పర్మనెంటు ఉద్యోగం అడుగుతలేం. వచ్చి పోయే కుర్చీ అడుగుతున్నం. పది నెలలు ఉంటడు, నేర్పుతడు, నేర్చుకుంటడు, మళ్లీ జనంలోకి పోతడు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటరు. పదేండ్లకు పది మంది గురువులు, ఇరవై మంది శిష్యులు, వందల మంది విద్యార్థులు. ఒగ్గు కథ ఎట్ల నడుస్తదో, చిందు భాగోతం ఎట్ల కడతరో, డక్కలి వాళ్ల కిన్నెర మెట్లు ఎట్ల బిగిస్తరో తెలిసిన తరం ఒకటి తయారైతది. అంతకన్న పెద్ద మాట ఇంకోటి ఉన్నది. డప్పు కొట్టే మనిషి క్లాసులోకి వస్తుంటే పిల్లలు లేచి నిలబడతరు. ఏ కులం పిల్లలైనా నిలబడతరు. సినిమాహాల్లో కాలు తగిలినందుకు ప్రాణాలు తీసిన సమాజానికి అది చిన్న పాఠం కాదు.

హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం 1985లో పుట్టింది. విభజన చట్టం ఇచ్చిన పదేండ్ల ఉమ్మడి గడువు 2024తోని ముగిసింది, దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టినరు. గోలకొండ కవుల సంచికతోని మా కవులున్నరని చాటిన మనిషి పేరు అది. మేము సంతోషించినం. పేరు మారింది సరే, కుర్చీల్లో కూర్చునేవాళ్లు ఎప్పుడు మారుతరు అని అక్కడ అడుగుతం. కుర్చీ అక్కడ మొదలు కావాలని మేము కొట్లాడుతం. మీ దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఉన్నది. 1976లో మీ జిల్లా గడ్డ మీదనే వెలిసింది. 2022లో జిల్లాలు చీలి చుండూరు బాపట్ల జిల్లాలోకి పోయినా ఈ ఊరి పిల్లలు చదువుకోవడానికి పోయేది అటే. అక్కడ చుండూరు అమరుల పేరు మీద కళాకారుల కుర్చీ కావాలని మీరు అడగండి. మొదటి ఏడు ఆ కుర్చీలో ఈ వాడల్లో పాట కట్టిన మనిషి కూర్చోవాలె. మా ఉద్యోగులు మీ నిధికి రెండు వేలు వేస్తరు, మీరు మా నిధికి వేయండి. రాష్ట్రాలు రెండైనా జనం పాటకు సరిహద్దు లేదని చూపించే పని ఇంతకన్న మంచిది ఏమున్నది?

విద్యార్థులారా, మీకు ఒక పని. మీ సిలబస్ తీయండి. జానపదం, దళిత సాహిత్యం, ప్రదర్శన కళలు అనే పాఠాల కింద ఎంతమంది కళాకారులు మీ క్లాసులోకి వచ్చి, జీతం తీసుకొని, పాఠం చెప్పినరో లెక్క కట్టండి. ఆ అంకెను కాగితం మీద రాసి వీసీ గది తలుపు మీద అంటించండి. ఉద్యోగులారా, మీ సంఘం వచ్చే సమావేశంలో మూలనిధి మాట ఎజెండాలో పెట్టండి. తీర్మానం రెండు వాక్యాలు చాలు. కళాకారులారా, ఎవరన్న శాలువా కప్పడానికి వస్తే కప్పించుకోండి, వద్దనకండి. కానీ మైకు చేతికి రాంగనే ఒక్క మాట అడగండి: "అయ్యా, కుర్చీ ఏది?"

జై భీమ్! జోహార్ చుండూరు అమరులకు! జై తెలంగాణ!